లెక్కలను పడక దగ్గరకు రానీయరాదు

మన పత్రికలో సాధారణముగా నూలు ధర, మీటరు కూలి, కరెంటు రాయితీ, రావలసిన బాకీలు, వీటిని గూర్చియే వ్రాయుచుందుము. ఈ మారు నిద్రను గూర్చి వ్రాయబూనితిని. ఇది పనిపాటలు లేని పెద్దమనుషుల సంగతి యని కొందరు సోదరులు నవ్వవచ్చును. నవ్విన తరువాత ఒక్క మాట ఆలోచింపుడు. నిన్న రాత్రి చాప మీద వాలిన పిదప ఎంతసేపటికి కన్ను మూతపడినది? అంతసేపు తలలో తిరిగినదేమి? నేను అడిగినవారిలో చాలమంది ఒకే జవాబు చెప్పిరి: లెక్కలు.

నా సంగతి ముందు చెప్పుకొందును. 2022వ సంవత్సరపు ఎండాకాలమును మనమెవ్వరమును మరువలేదు. నెలనెలకు నూలు ధర ఎక్కుచుండెను. మే నెలలో తిరుప్పూరు వారు పని నిలిపి నిరసన తెలిపిరి. ఆ రోజులలో నేను రాత్రి పది గంటలకు పడుకొని, రెండు గంటల దాకా కప్పు చూచుచు కూడికలు తీసివేతలు చేయుచుంటిని. ఈ బీము దిగితే ఎంత మిగులును, పాత ధరకు ఒప్పుకొన్న సరుకు ఎట్లు తీర్చుట, శనివారము కూలీలకు ఏమి చెప్పుట. చీకటిలో చేసిన ఆ లెక్క ఒక్కటియు తెల్లవారినాక నిలువలేదు. ఒకనాడు నిద్రలేని కన్నులతో కొత్త బీము ఎక్కించి, పన్నెలో ఒక పల్లు ఖాళీగా విడిచితిని. గాజ్ గుడ్డ పలుచనిది గదా, అలసిన కంటికి ఆ గీత ఆనలేదు. చాల దూరము నేసిన పిదప మా ఇంటిది చూచి, "ఇదేమండీ, నడుమ దారి వేసినారు?" అన్నది. ఆ గుడ్డ తిరిగి వచ్చినది. తప్పు నాది, మరెవ్వరిదియు కాదు. రాత్రంతయు మేలుకొని మిగుల్చుకొనదలచిన దానికంటె ఆ ఒక్క బీములో పోయినదే ఎక్కువ.

పట్టణపు పత్రికలలో నిద్రకు ఉపాయములు చెప్పుచుందురు. పడకగదిలో మెత్తని దీపము పెట్టవలెననియు, పనికి సంబంధించిన వస్తువేదియు అక్కడ ఉండరాదనియు, గది నిశ్శబ్దముగా ఉండవలెననియు వ్రాయుదురు. మంచి మాటలే. కాని మన పడకగది ఏది? ఒక ప్రక్క మగ్గము, ఒక ప్రక్క చాప, నడుమ కండెల బుట్ట. మన రాజపాళయములో 1936లో తొలి నూలు మిల్లు వెలసిన నాటినుండి రాత్రి అనునది పని కాలములో ఒక భాగమైనది. మిల్లులు మూడు షిఫ్టులు నడుచును. ఇటు ఛత్రపట్టి వైపు వెళ్లిన, ఇండ్లలోను షెడ్లలోను కట్టుగుడ్డ నేయు మరమగ్గములు, ఇక్కడి వాడుకలో విసైత్తరులు, అర్ధరాత్రి కూడ ఆడుచుండును. దేశదేశముల ఆసుపత్రులలో గాయములకు కట్టు గుడ్డ మన చేతిమీదుగా పోవుచున్నది. ఆ గుడ్డ నేసిన ఇంటి పసివాడు మగ్గపు మోతలో పడుకొనుచున్నాడు.

అలవాటైపోయినదండీ, మోత లేకుంటేనే మెలకువ వచ్చును అని కొందరందురు. నేనును అనెడివాడనే. చెవికి అలవాటగుట వేరు, ఒంటికి అలవాటగుట వేరని వైద్యులు చెప్పుచున్నారు. మనిషి మేలుకొనకపోయినను రాత్రి శబ్దమునకు గుండె వేగము మారును, గాఢనిద్ర తేలిపోవును. 2000వ సంవత్సరములో కేంద్ర ప్రభుత్వము చేసిన శబ్ద కాలుష్య నియమముల ప్రకారము రాత్రి పది మొదలు ఉదయము ఆరు వరకు నివాస ప్రాంతములలో శబ్దము 45 డెసిబెళ్లు మించరాదు. నాడె కొట్టు మరమగ్గముల షెడ్డులో శబ్దము 90 దాటుట సామాన్యము. డెసిబెల్ లెక్కలో పది పెరిగిన శబ్దశక్తి పది రెట్లు పెరిగినట్లు. 45కును 90కిని నడుమ ఎంత దూరమో మీరే గుణించి చూడుడు. (ఈ గుణకారము పగలు చేయుడు.)

ఇక పెద్దల కాలమునకు వచ్చెదను. గుంటమగ్గము మీద నేసిన మా నాయన దీపాల వేళ పని ముగించెడివారు. లేచునప్పుడు పడుగు బిగువు కొంచెము సడలించెడివారు. రాత్రంతయు బిగిసియున్న పడుగు తెల్లవారి తెగుట ఎక్కువ. పిదప నేసిన గుడ్డ మీద పాతపంచె కప్పి, గుంట చుట్టును చిమ్మి, నాడెను దాని స్థానములో పెట్టి, బావి దగ్గర కాళ్లు కడుగుకొని వచ్చి తిన్నె మీద కూర్చుండెడివారు. తిన్నె మీదికి వచ్చిన తరువాత కూలి మాట ఎత్తినవారికి జవాబు లేదు. "పొద్దున రారా" అనుటయే. ఇదంతయు మనశ్శాంతి కొరకు ఆయన కనిపెట్టిన సాధన కాదు. పోగు తెగకుండుటకును, ఎలుక కొరకకుండుటకును చేసిన పని. ఆ కాలము స్వర్ణయుగమని చెప్పుటకును నేను సిద్ధముగా లేను, అప్పు నాడును ఉండెను. కాని మగ్గమునకును చాపకును నడుమ ఒక గంట దూరముండెడిది. ఆ గంటను మనము పోగొట్టుకొన్నాము.

ఆ గంటలో జరిగిన పనులకు నేటి శాస్త్రము సాక్ష్యము పలుకుట నాకు వింత గొలిపినది. 1999లో స్విట్జర్లండులోని బాసెల్ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక సంగతి ప్రకటించిరి. చేతులు కాళ్లు వెచ్చబడినవారికి త్వరగా నిద్ర పట్టును. అక్కడి రక్తనాళములు విచ్చుకొని ఒంటిలోని వేడి బయటకు పోవును, లోపలి వేడి తగ్గిన పిదప నిద్ర వచ్చును. కనుక చన్నీళ్లకంటె గోరువెచ్చని నీళ్లతో కాళ్లు కడుగుకొనుట మేలు. గంజి మరకలు, నూలు దూది, చెమట, వీటితోనే చాప మీదికి పోవు పిల్లవాండ్రకు ఇది చెప్పవలసియున్నది.

రెండవది నాకు ఎక్కువ ఉపకరించినది. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయము వారు 57 మంది యువతీయువకులను ప్రయోగశాలలో పడుకొనబెట్టి పరీక్షించి, 2018లో ఫలితము వెల్లడించిరి. పడుకొనుటకు ముందు అయిదు నిమిషములు కొందరు అంతవరకు చేసిన పనులు వ్రాసిరి, కొందరు రానున్న రోజులలో చేయవలసిన పనులు వ్రాసిరి. చేయవలసినవి వ్రాసినవారు సుమారు తొమ్మిది నిమిషములు ముందుగా నిద్రపోయిరి. ఎంత వివరముగా వ్రాసిన అంత త్వరగా. తొమ్మిది నిమిషములేనా యని మీరనవచ్చును. నేనును అట్లే అనుకొని ఒక పాత కూలిపుస్తకములో వ్రాయ మొదలుపెట్టితిని. "రేపు: రెండవ మగ్గము పిక్కర్ మార్చవలె. నూలు సంచి రెండు తేవలె. సంఘములో రశీదు అడుగవలె. అప్పు గూర్చి మంగళవారము మాట్లాడవలె, అంతకు ముందు కాదు." ఈ చివరి మాటయే మందు. అప్పు తీరలేదు. కాని దానికొక రోజు ఏర్పడినది. మంగళవారమునకు వాయిదా పడిన అప్పు ఆదివారము రాత్రి వచ్చి నా తలవైపు కూర్చుండుట తగ్గినది.

పుస్తకము మూసిన పిదప దానిని మగ్గము మీదనే పెట్టవలెను, తలగడ క్రింద కాదు. దానితోపాటు ఫోనును కూడ. నూలు ధరల వార్త రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్ గుంపులో వచ్చిన, దానిని చూచి ఆ గంటకు మనము కొనునదేమి, అమ్మునదేమి? వ్యాపారస్థుడు నిద్రపట్టక పంపిన సందేశము మన నిద్రను కూడ తీసికొనిపోవుచున్నది. అంతే లాభము.

నడుమ ఒక పాతచీర తెర కట్టుడు. ఒకే గది అయినను మగ్గము కంటికి కనబడరాదు. ఇరువది నిమిషములైనను నిద్రపట్టనిచో దొర్లుచుండక లేచి వచ్చి తిన్నె మీద కూర్చుండుడు, కన్నులు బరువెక్కిన పిదప మరల పోవుడు. రిచర్డ్ బూట్జిన్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1972లో ఈ పద్ధతి చెప్పెను, నేటికిని వైద్యులు వాడుచున్నారు. పడక అనగానే మనసునకు నిద్ర జ్ఞాపకము రావలెను గాని లెక్క జ్ఞాపకము రారాదని దాని భావము. లేచినవారు మగ్గము దగ్గరకు మాత్రము పోరాదు. "ఎట్లును మెలకువగా ఉన్నాను, నాలుగు మీటర్లు లాగుదును" అనుకొన్నవాని కథ పైన చెప్పితిని.

రాత్రి టీ గూర్చి ఒక మాట. తొమ్మిది గంటలకు షెడ్డులోనికి వచ్చు టీలోని కెఫీన్ ఒంటిలో సగము తగ్గుటకే సుమారు అయిదు గంటలు పట్టును. మద్యము మాట చెప్పనవసరము లేదు. అది నిద్రను ముందు తెచ్చి, నడిరాత్రి తిరిగి లాగికొనిపోవును.

మన ఆడవారి నిద్ర సంగతి ఎవ్వరును లెక్క వేయరు. పగలంతయు కండెలు చుట్టి, రాత్రి గిన్నెలు కడిగి, దోసెపిండి రుబ్బి, అందరును పడుకొన్న పిదప వాలి, అందరికంటె ముందు లేచునది ఆమెయే. ఆమెతో "మనసు నెమ్మది చేసికొనుము, కాళ్లు కడుగుకొనుము" అని చెప్పుట ఎగతాళి అగును. ఆమె మనసులో తిరుగునది నూలు ధర కాదు, రేపటి పనుల వరుస. ఆ వరుసలో రెండు పనులు మగవారు తీసికొనినచో ఏ పుస్తకమును వ్రాయనక్కరలేదు. మా ఇంట రాత్రి గిన్నెలు ఇప్పుడు నావి. మొదట నామోషీగా ఉండెను, ఇప్పుడు అదియే నాకు పని ముగిసినదనుటకు గుర్తు.

మిల్లులో రాత్రి షిఫ్టు చేసి ఉదయము వచ్చు పిల్లవాండ్రకు ఈ క్రమమంతయు తలక్రిందులు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2007లోను, మరల 2019లోను, రాత్రి షిఫ్టు పనిని క్యాన్సరు కలిగించగల అవకాశము ఉన్నవాటి వరుసలో చేర్చినది. షిఫ్టు మాన్పుట మన చేతిలో లేదు. వచ్చినవానికి కిటికీ మీద నల్లదుప్పటి కట్టి, పగలు వాని గది దగ్గర టీవీ పెట్టకుండుట మన చేతిలో ఉన్నది. పగలు పడుకొన్నవానిని సోమరి అనుట మానుట కూడ.

ఇంతవరకు చదివిన ఒక సోదరుడు కోపగించుకొనును, నాకు తెలియును. "మీటరు కూలి పెంచకుండ నిద్ర ఎట్లు పోవలెనో చెప్పెదవా? రెండు షిఫ్టులు నడిపితే గాని బీము అప్పు తీరదు." ఆ కోపము న్యాయమే. అప్పు, కూలి, ఇవి కాళ్లు కడుగుకొన్నందువలన తీరవు. ఆ పోరాటమును మానుమని నేను చెప్పను. కాని నిద్రలేని మనిషి బేరములో కూర్చున్న ఏమగునో కూడ చూచియున్నాను. అవతలివాడు బాగుగా పడుకొని వచ్చును. మనము మూడవ కప్పు కాఫీ త్రాగి, త్వరగా ముగిసిన చాలునని తల ఊపి వత్తుము.

ఒక ఇంటివాడు ఒక్కడే మగ్గము ఆపినందున ప్రయోజనము లేదు. గోడ అవతలి మగ్గము ఆడుచునే ఉండును, ఆపినవాడు కూలి పోగొట్టుకొనును, నిద్రయు రాదు. అందుచేత మా వీధిలో పోయిన దీపావళి తరువాత నాలుగిండ్లవారము కూర్చుండి ఒక మాట అనుకొంటిమి. రాత్రి పది మొదలు అయిదు గంటల వరకు మగ్గము ఆడదు. కరెంటు లేక పగటి పని పోయిన రోజున మాత్రము పదకొండు వరకు, అదియు పొరుగువారికి ముందు చెప్పి. సరుకు గడువు దగ్గరపడినచో నలుగురిలో ఖాళీ ఉన్నవాడు పగలు ఒక బీము నడిపి ఇచ్చును. ఈ చివరి ఏర్పాటు లేకున్న మిగిలినవి వారము కూడ నిలువవు. ఒకమారు మాట తప్పినది, తప్పినది నేనే. పొరుగింటి ముసలమ్మ తెల్లవారి వచ్చి "ఏం నాయనా, రాత్రి పని పడిందా?" అని మాత్రమే అడిగినది.

రాబోవు సర్వసభ్య సమావేశములో ఈ ఏర్పాటును వీధివారీగా పరిశీలింప కోరుచు ఒక తీర్మానము ఇచ్చియున్నాను. గంటలు ఏవి యన్నది ఆయా వీధులవారే నిర్ణయించుకొనవచ్చును. మా వీధిలో అయిదవ ఇంటివారు, ఇప్పుడున్న బీము దిగగానే మాలో చేరుదుమని చెప్పిరి.