షాపు మనది, తాళం ఎవరిది?

శావల్యాపురం, వినుకొండ వైపు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఎరుకల అక్కల బుట్టలు, నల్లమల తేనె ఆన్‌లైన్‌లో అమ్ముదామంటున్నారు. మంచిదే. దళారి పీడ తప్పించాలనే కదా 1956లో జీసీసీ పెట్టింది! కానీ వాట్సాప్‌లో తగిలిన ఎవడో "తక్కువలో వెబ్‌సైట్ చేసిస్తా" అనగానే సంఘం డబ్బు ఫోన్‌పే కొట్టేస్తే ఎలా?

వాడు మాయమైతే పోయేది అడ్వాన్సే. అసలు భయం పని పూర్తి చేసినవాడితోనే. డొమైన్ తన పేరున కొంటాడు. ఏడాది తిరిగాక రెన్యువల్‌కి ఎంతడిగితే అంత ఇచ్చుకోవాలి. పేమెంట్ గేట్‌వేలో తన బ్యాంకు ఖాతా పెట్టుకున్నాడంటే డబ్బు వాడికి, తిట్లు మనకి. సాగు మనది, పట్టా వాడిది. 1/70 కోసం కొట్లాడే మనం ఇది పోల్చుకోలేమా?

డొమైన్, హోస్టింగ్ సంఘం మెయిల్‌తోనే కొనండి. వాడు ఇదివరకు చేసిన షాపుల ఓనర్లకి మీరే ఫోన్ చేసి అడగండి. డబ్బు విడతలుగా ఇవ్వండి. మన గూడెం కుర్రాడైనా సరే, కాగితం రాయించుకోండి (మొహమాటమే మన కొంప ముంచేది). పనయ్యాక పాస్‌వర్డ్‌లన్నీ మార్చేయండి.

ఇప్పటికే మోసపోయారా? సిగ్గుపడి కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.