పేరు పిలుచుటయా, రోగము చాటుటయా?

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల పేళ్ల సంగతి చదువరు లెఱిగినదే. కదిరి నరసింహస్వామికి మ్రొక్కిన యింట నరసింహులు, పెనుకొండ బాబయ్యకు మ్రొక్కిన యింట బాబయ్య. నాగమ్మలు, హనుమంతప్పలు లెక్కకు మిక్కిలి. ఇంటిపేరు చీటిలో పొడి యక్షరమై నిలుచును; వయస్సు వ్రాయువాని యూహ. బెంగుళూరికి బోయినచో నా పేరే కన్నడమున నొక రూపును, ఇంగ్లీషున మఱియొక రూపును దాల్చును. ఇట్టి పేరును మాత్రమే నమ్మి మందిచ్చుట చీకటిలో రాయి విసరుటయే.

మే మొక వైద్యశాల వసారాలో కూర్చుండి యుండగా లోపలినుండి "టీబీ నాగమ్మ ఎవరమ్మా?" యని కేక వినబడెను. అచ్చట నాగమ్మ లిద్దఱుండిరి. రోగము గల నాగమ్మ, తన యూరివారు ప్రక్కనే యుండుటచే, తల వంచుకొని లేవలేదు. మోకాళ్ల నొప్పికై వచ్చిన నాగమ్మ, పేరు తనదే గదా యని లేచెను. "నాగమ్మవు నీవేనా?" యనిన "అవునయ్యా" యని పొట్లము పుచ్చుకొనెను. చదివి పెట్టుమని యామె చీటిని మా చేతి కిచ్చుటచే తప్పు బయటపడినది. లేకున్న నేమి జరిగి యుండెడిదో!

పేరును రోగమును గట్టిగా బలికిననే పొరపాటు తప్పునని కొందఱందురు. పల్లెటూరివారికి గుట్టేమి యని మఱికొందఱందురు. గుట్టు లేనిచో నా తల్లి యేల లేవలేదు? సిగ్గుచే నోరు మూసికొన్న రోగిని వైద్యు డెట్లు గుర్తించును? గుట్టు చెడుటచేతనే గుర్తు చెడినది. ఇవి రెండు తప్పులు గావు, ఒకే తప్పు.

ఇది పడమటినుండి తెచ్చుకొన్న నాగరికత గాదు. రోగి యింటి సంగతులు వెలిపుచ్చరాదని చరకసంహిత విమానస్థానమున గురువు శిష్యునకు నియమము చెప్పియున్నాడు. 2017 ఆగష్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము వ్యక్తి గోప్యతను ప్రాథమిక హక్కుగా నిర్ణయించెను. మందిచ్చుటకును రక్త మెక్కించుటకును ముందు కనీసము రెండు గుర్తులు చూడవలెననియు, గది సంఖ్య గుర్తు గాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పినది.

"నీవు నాగమ్మవా?" యని యడుగరాదు. తెల్లకోటు ముందు మన పల్లెవారు దేనికైనను "అవునయ్యా" యందురు. "నీ పేరేమమ్మా? ఏ యూరు?" అని యామె నోటనే చెప్పించి, చీటి సంఖ్యతో సరిచూడవలెను. వసారాలో పిలుపు సంఖ్యతోనే యుండవలెను. చదువురానివారికి సంఖ్యను ముందుగా నోట జెప్పి పంపవలెను. రోగము మాట తలుపు వేసిన పిదపనే రావలెను.

తీరిక లేదందురా? రెండు ప్రశ్నలకు బట్టునది రెండు క్షణములు. వర్గము తప్పిన రక్త మెక్కిన పిదప పోయిన ప్రాణమును దెచ్చుట కెన్ని క్షణములు చాలును?

చదువరులారా, తప్పంతయు వైద్యశాలదే యనుకొనకుడు. ప్రక్కవాని చీటిలోనికి తొంగిచూచు కన్నులును, "ఏమి జబ్బు?" అని ప్రశ్నించు నోళ్లును మనవే. ఆనాడు నాగమ్మ తల వంచినది కేకకు మాత్రమే గాదు, మన చూపులకు గూడ.