కాటా ఎక్కించే ముందు ఆ నోట్‌బుక్కు చూడండి

దసరా సెలవులకు ఇంటికి పోతే మనలో చాలామందికి తగిలే పని ఒకటుంటది: "ఆ షెడ్డు జర సర్దు బిడ్డా." కొత్తకోట లాంటి ఊళ్లల్లో బోరు మోటర్లు బాగుచేసి బతికిన ఇండ్లల్లో షెడ్డు నిండా పాత సామానే. చేత్తో తిప్పే వైండింగ్ మిషిను, గ్రైండర్, దవడలు అరిగిన వైస్, పానాలు, కాలిపోయిన మోటర్లు. నా మాట సూటిగా చెప్తా. అన్నీ దాచుకోవద్దు, అన్నీ అమ్మొద్దు. ఏది ఏందో తెలుసుకున్నంకనే అమ్మాలె.

పాత ఇనుము కొనేటాయన బరువు చూస్తడు. అది ఆయన వ్యాపారం, తప్పు లేదు. కానీ ఒక మోటరును మళ్లీ చుట్టాలంటే స్లాట్‌కు ఎన్ని చుట్లు, తీగ ఎంత గేజీ, కాయిల్ ఏ స్లాట్ నుంచి ఏ స్లాట్‌కు పోవాలె అన్నీ తెలియాలె. పాత మెకానిక్ కాలిన కాయిల్ కోసే ముందు ఇవన్నీ లెక్కపెట్టి రాసుకుంటడు. చుట్లు తగ్గితే మోటరు ఎక్కువ కరెంటు లాగుతది. తీగ సన్నదైతే వేడెక్కి మళ్లీ కాలుతది. మనం ఎలక్ట్రికల్ మెషీన్స్ పేపరు కోసం చదివి మర్చిపోయింది ఇదే. నూనె మరకల ఆ నోట్‌బుక్కు చిత్తుకాగితాల్ల పోతే చేతికి రాగి పైసలొస్తయి గానీ ఆ లెక్క మళ్లీ రాదు.

ఇదంతా "చదువురాని పని" అనేవాళ్లు చింతకింది మల్లేశంను గుర్తుచేసుకోవాలె. ఆరో తరగతితో బడి ఆగిపోయింది. ఆలేరు దగ్గరి ఊళ్లో, చీరకు వేలసార్లు చెయ్యి తిప్పుతూ ఆసు పోసే తల్లి నొప్పి చూసి 1992లో మొదలుపెట్టిండు, 1999కల్లా ఆసు యంత్రం నిలబెట్టిండు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మధ్యల ఏడేండ్లు. అప్పుడు ఆయన సామానును ఎవరన్నా తుక్కు కింద జమకట్టి అమ్మేసి ఉంటే?

"ఇల్లు ఇరుకు, తేళ్లు చేరుతున్నయి" అనే అమ్మ మాటా నిజమే. అందుకే మూడు కుప్పలు చేయండి: నడిచేవి, బాగయ్యేవి, తుక్కు. ప్లగ్గు తీసినా కెపాసిటర్లో కరెంటు నిల్వ ఉంటది, తెలిసినవాళ్లతోనే డిశ్చార్జ్ చేయించండి. రాగి కోసం వైర్లు కాల్చొద్దు, ఆ పొగ విషం. నేమ్‌ప్లేట్లు, నోట్‌బుక్కు పేజీలు ఫోన్‌ల ఫొటో తీసుకోండి.

అంతకన్నా ముందు ఆయుధపూజ నాడు మిషిన్లకు బొట్టు పెట్టేటప్పుడు తాత పక్కన గంటసేపు కూసోండి. ఏ మిషిను దేనికో చెప్పించుకోండి, రికార్డు చేయండి. ఇనుము వచ్చే ఏడు కూడా అమ్ముకోవచ్చు.