గోడకు రంధ్రం వేయకుండా ఇంట్లో వెండితెర

అద్దె ఫ్లాట్‌లో ప్రొజెక్టర్ తెర అనగానే ముందు గుర్తొచ్చేది డ్రిల్లింగ్, ఆ వెంటనే యజమాని దగ్గరున్న అడ్వాన్సు. నిజానికి తెరకు గోడ కంటే చీకటి ముఖ్యం. ఏ ప్రొజెక్టరూ నలుపును వెలువరించలేదు. కాంతి పడని తెర భాగమే కంటికి నలుపుగా కనిపిస్తుంది.

100 అంగుళాల తెర వైశాల్యం సుమారు 2.75 చదరపు మీటర్లు. 1,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ దానిపై దాదాపు 360 లక్స్ వెలుతురు ఇస్తుంది. గది దీపాల నుంచి మరో 100 లక్స్ పడితే, తెల్లటి చోటుకూ నల్లటి చోటుకూ మధ్య తేడా ఐదు రెట్లు కూడా ఉండదు. బొమ్మ వెలిసిపోతుంది. మామూలు తెల్ల తెర ఎంత ఖరీదైనదైనా దీన్ని సరిచేయలేదు.

అందుకే మొదటి ఖర్చు మందపాటి కర్టెన్లకు, రెండోది మడిచి దాచుకునే స్టాండ్ తెరకు పెట్టడం మేలు. దుప్పటి కడితే కొంత కాంతి వెనక్కి దూరిపోతుంది, ముడతలు బొమ్మను వంకర చేస్తాయి. స్టాండ్ కాళ్లు వెడల్పుగా చాపి, అడుగున ఇసుక సంచి పెడితే గురుత్వ కేంద్రం కిందికి దిగుతుంది. అప్పుడు ఫ్యాను గాలికీ, పిల్లల తాకిడికీ తెర తేలిగ్గా పడదు.

తోలుబొమ్మలాటకూ గోడతో పనిలేదు. రాటల మధ్య బిగించిన తెల్ల గుడ్డ, వెనుక దీపం, చుట్టూ రాత్రి చీకటి ఉంటే చాలు. ఫ్లాట్‌లోనూ ముందుగా చూసుకోవలసినవి ఆ బిగువు, ఆ చీకటే.