ఆసు నుంచి సొరంగం దాకా

2025 ఫిబ్రవరి 22 ఉదయం నల్లమలలోని దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పైకప్పు కూలింది. దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకుపోయారు. పంజాబ్, జమ్ముకశ్మీర్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. సైన్యం దిగింది, సింగరేణి రెస్క్యూ బృందాలు దిగాయి, కేరళ పోలీసు జాగిలాలు వచ్చాయి. మార్చిలో హైదరాబాద్‌కు చెందిన అన్వి రోబోటిక్స్ రోబోలను తీసుకొచ్చింది. వారాల తరబడి బురద తోడినా బయటికి తేగలిగింది ఇద్దరి మృతదేహాలనే.

ఆ సొరంగం పాలమూరు, నల్లగొండ ఉమ్మడి జిల్లాలు రెంటికీ ముడి. తవ్వుతున్నది పాలమూరు కొండల్లో, నీళ్లు పారవలసింది ఫ్లోరైడ్‌తో నడుం వంగిన నల్లగొండ పల్లెలకు. అందుకే ఆ ప్రమాదం ఇక్కడ ఎవరికీ దూరపు వార్త కాలేదు. ఆ రోజుల్లో చాలామంది నోట వినిపించిన మాట ఒకటుంది: ఈ రోబోలేవో ముందే ఉంటే ఎంత బాగుండేది!

ముందే ఉండాలంటే ముందే ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి ఉండాలి. భూమి లోపలికి జీపీఎస్ అందదు. రేడియో సిగ్నల్ కొంతదూరం పోయి చచ్చిపోతుంది. వెనకాల తీగ లాక్కుంటూ వెళ్తే అది ఇనుప ముక్కలకు చుట్టుకుంటుంది. కెమెరా అద్దం మీద బురద పడితే రోబోకు కళ్లు పోయినట్టే. మోకాటి లోతు బురదలో చక్రాలు తిరుగుతాయి గానీ బండి కదలదు. నున్నటి ల్యాబ్ గచ్చు మీద ఎన్నాళ్లు నడిపినా ఇవి తెలిసేవి కావు.

అలాంటి చోటికి వెళ్లే సమయం విద్యార్థులకు ఉంది. ఎం.టెక్.లో రోబోటిక్స్ చదివే పిల్లలకు రెండో ఏడాది చాలావరకు ప్రాజెక్టు పనికే పోతుంది. ఒక మనిషి ఒకే సమస్య మీద దాదాపు ఏడాది కూర్చోవడమంటే చిన్న విషయం కాదు. ఆ ఏడాది ఎక్కువగా కంప్యూటర్ తెర మీది బొమ్మ రోబోతోనో, కొని తెచ్చిన కిట్‌తోనో గడిచిపోతోంది. అట్ట కట్టిన థీసిస్ బీరువాలోకి చేరుతుంది. తప్పు పిల్లలది అనలేం. అంశం ఇచ్చేవాళ్లు లేరు, ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌ను దాటించేవాళ్లు లేరు. కంపెనీలకూ వాటి భయాలున్నాయి: లోపలి సంగతులు బయటికి పోతాయని, కుర్రాడికి ఏదైనా అయితే ఎవరు జవాబుదారీ అని. పైగా వాళ్లకు మూడు నెలల్లో పని కావాలి, విశ్వవిద్యాలయానికి పరిశోధన కావాలి. ఈ రెండూ మొదటి రోజే కాగితం మీద తేల్చుకోకపోతే మధ్యలో నలిగేది విద్యార్థే.

ఇక్కడ ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గుర్తుకు రాక తప్పదు. అతనిది ఆలేరు దగ్గరి శారాజీపేట, నాటి నల్లగొండ జిల్లా. పోచంపల్లి పట్టుచీరకు చిటికి కట్టి రంగులద్దాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు బిగించిన చట్రం ముందు కూర్చుని, నడుమనున్న మేకు నుంచి అంచు మేకు దాకా దారాన్ని చాచి చుట్టి వెనక్కి తేవడం, మళ్లీ పక్క మేకుకు. ఒక్క చీరకు 9 వేల సార్లు చెయ్యి అలా పోయి రావాలి. రోజుకు రెండు చీరలైతే 18 వేలు. సాయంత్రానికి భుజం లేవదు, కళ్లు మసకబారతాయి. తల్లి లక్ష్మమ్మ ఆ నొప్పితో బాధపడటం చూసి, బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆ కొడుకు 1992లో యంత్రం మొదలుపెట్టాడు. అప్పులయ్యాయి, ఊరు నవ్వింది, పొట్టకూటికి హైదరాబాద్ పోవాల్సి వచ్చింది. దారం మేకు చుట్టూ తిరిగి రావడమనే చివరి చిక్కుముడి వీడింది బాలానగర్‌లో. అక్కడొక కార్ఖానాలో పనికి పోయినప్పుడు తను వెతుకుతున్న కదలిక మరో యంత్రంలో కనిపించింది. 1999కి లక్ష్మి ఆసు యంత్రం తయారైంది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆ ఏడేళ్లలో ఏదో ఒక ఏడాది, మోటారు, గేరు, సెన్సారు తెలిసిన ఒక ఎం.టెక్. కుర్రాడు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని ఉంటే? యంత్రం తొందరగా వచ్చేదేమో. ఆ కుర్రాడి చదువుకు మాత్రం తప్పకుండా ఒక అర్థం దొరికేది. సమస్య తెలిసిన మనిషి ఒకచోట, శాస్త్రం తెలిసిన మనిషి మరోచోట ఉండిపోవడమే మన అసలు లోటు.

రోబో అంటే కూలి పోతుందన్న భయం పల్లెల్లో ఉంది. అది అర్థం లేని భయమేమీ కాదు. ఆసు యంత్రం మాత్రం నేత పనిని తీసేయలేదు, నేతగత్తె భుజం నొప్పిని తీసింది. ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు ఈ తేడా చూడటం నేర్పాలి. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో దుమ్ము నిండిన గోతులున్నాయి, దామరచర్లలో 4 వేల మెగావాట్ల థర్మల్ కేంద్రపు బాయిలర్లున్నాయి, పోలేపల్లిలో మందుల ఫ్యాక్టరీలున్నాయి, దివిటిపల్లిలో బ్యాటరీల పరిశ్రమ వస్తోంది. ఊపిరాడని చోట, మంట దగ్గర, కూలే కప్పు కింద మనిషికి బదులు యంత్రం వెళ్తే ఎవరూ వద్దనరు.

రాష్ట్రం 2023లో రోబోటిక్స్ విధానం ప్రకటించింది, రాయదుర్గంలో నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ తెరిచింది. మంచివే. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. నగరంలోని రోబోటిక్స్ విద్యార్థికి ఇక్కడ నెల రోజులు గది, భోజనం, స్థానిక అధ్యాపకుడి తోడు ఇవ్వడం వీటికి భారం కాదు. ఆ నెలలో అతను ఏమీ తయారు చేయనక్కరలేదు. పని చేసేవాళ్ల పక్కన కూర్చుంటే చాలు.

సొరంగం పని ఇంకా మిగిలే ఉంది. దాన్ని తవ్వించేవాళ్లూ, మిల్లులు నడిపేవాళ్లూ, థర్మల్ కేంద్రం అధికారులూ ఈ విద్యా సంవత్సరంలో తలా ఒక్క విద్యార్థికైనా గేటు తెరవాలని కోరుతున్నాం.