దావే ప్లాంటు ఉంటే మాకు కరెంటు వచ్చేదా?

మొన్న రాత్రి సంచౌంగ్‌లో కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసిన సమయంలో నర్సీపట్నం నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బొగ్గు ప్లాంటు వద్దని రద్దు చేసుకున్నారుగా బావా, ఇప్పుడు చీకట్లో కూర్చోండి" అని ఒక నవ్వు నవ్వాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. తర్వాత లెక్క వేసి చూశాను.

వాడు అన్నది దావే సంగతి. మయన్మార్ దక్షిణ తీరంలో ఇటాలియన్-థాయ్ సంస్థ తలపెట్టిన 4,000 మెగావాట్ల బొగ్గు కేంద్రాన్ని పర్యావరణ కారణాలతో ఆపేస్తున్నట్టు 2012 జనవరిలో అప్పటి విద్యుత్ మంత్రి ఖిన్ మౌంగ్ సో ప్రకటించారు. అదే ఏడాది మే నెలలో కరెంటు కోతల మీద మాండలేలో, యాంగోన్‌లో జనం కొవ్వొత్తులు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. ఈ రెండూ పక్కపక్కన పెడితే మా బావమరిది మాట నిజమనే అనిపిస్తుంది. కానీ ఆ కేంద్రంలో తయారయ్యే కరెంటులో ఎక్కువ భాగం థాయ్‌లాండ్‌కు అమ్మడానికి, మిగతాది అక్కడి పారిశ్రామిక వాడకు. సంచౌంగ్ ఫ్యానుకు అందులో వాటా లేదు. ఈనాటి మా చీకటికి కారణాలు వేరు. సముద్రంలో దొరికే గ్యాస్‌లో చాలా భాగం థాయ్‌లాండ్‌కు, చైనాకు పోతోంది. 2021 తర్వాత దిగుమతి గ్యాస్ మీద నడిచే ప్లాంట్లు యాంగోన్‌లో మూతపడ్డాయి.

ఇప్పుడు వాడి ఊరి దగ్గరకే వద్దాం. నర్సీపట్నం పక్కన మాకవరపాలెం మండలం రాచపల్లిలో అన్‌రాక్ వాళ్ళు అల్యూమినా రిఫైనరీ కట్టారు. దాని తర్వాత 2.5 లక్షల టన్నుల అల్యూమినియం స్మెల్టర్ రావాలి. టన్ను అల్యూమినియం తీయడానికి సుమారు 14,000 యూనిట్లు కావాలి. నెలకు 150 యూనిట్లు వాడే ఇల్లు దాదాపు ఎనిమిదేళ్లు వాడుకునే కరెంటు అది! 2.5 లక్షల టన్నులకైతే ఏటా 350 కోట్ల యూనిట్లు, అంటే రాత్రీ పగలూ ఆగకుండా 400 మెగావాట్లు.

ఆగకుండా అన్నది ముఖ్యం. నాలుగైదు గంటలు కరెంటు పోతే తొట్లలో కరిగిన లోహం గడ్డకట్టి ప్లాంటే పాడవుతుంది. అందుకే స్మెల్టర్లు ఊరి లైను మీద ఆధారపడవు, సొంత కేంద్రం కావాలంటాయి. ఒడిశాలో నాల్కో రిఫైనరీని బాక్సైట్ కొండల దగ్గర దమంజోడిలో పెట్టి, స్మెల్టర్‌ను మాత్రం తాల్చేరు బొగ్గు దగ్గర అంగుల్‌లో పెట్టింది. పక్కనే 1,200 మెగావాట్ల సొంత కేంద్రం. విశాఖ మన్యంలో బాక్సైట్ ఉంది, బొగ్గు లేదు. బొగ్గు తెచ్చి కేంద్రం కట్టినా ఆ కరెంటు తొట్లకే గానీ నర్సీపట్నం వీధులకు కాదు.

చివరికి బాక్సైట్ కూడా రాలేదు. జెర్రిల అడవుల్లో 1,212 హెక్టార్లలో తవ్వకానికి 2015లో ఇచ్చిన జీవో 97ను గిరిజనుల వ్యతిరేకత తర్వాత 2019లో రద్దు చేశారు. నా మటుకు అది సరైన నిర్ణయమే.

పొద్దున మళ్ళీ ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వాడు ఓపిగ్గా విని, "లెక్క సరే బావా, మరి ఇచ్చిన భూముల సంగతి?" అన్నాడు.

అక్కడ నా దగ్గర జవాబు లేదు. ప్రాజెక్టు రద్దయితే మనం ఇక్కడి నుంచి ఫేస్‌బుక్‌లో చప్పట్లు కొట్టి మరిచిపోతాం. విజయనగరం జిల్లా ఎస్.కోట దగ్గర బొడ్డవర ప్రాంతంలో జిందాల్ అల్యూమినా ఫ్యాక్టరీ కోసం 2007 ప్రాంతంలో సుమారు వెయ్యి ఎకరాలు తీసుకున్నారు. వాటిలో దళితుల, గిరిజనుల అసైన్డ్ భూములున్నాయి. ఫ్యాక్టరీ రాలేదు. 2025లో అక్కడ ఎంఎస్ఎంఈ పార్కు పెడతామంటే, ఫ్యాక్టరీ కోసం తీసుకున్న భూమి మాకు తిరిగి ఇవ్వండని రైతులు రోడ్డెక్కారు. దావేలోనూ బొగ్గు కేంద్రంతో ఆగలేదు, 2021 జనవరికల్లా ఇటాలియన్-థాయ్ ఒప్పందాలే రద్దయ్యాయి. ఓడరేవు కోసం, రోడ్డు కోసం పొలాలు, తోటలు పోగొట్టుకున్నవాళ్ళు అక్కడా ఉన్నారు.

అందుకే రద్దు జీవో వచ్చినప్పుడు అందులో భూమి ఎవరి పేరుకు తిరిగి వెళ్తుందో రాశారా అని ఇకమీదట చూడబోతున్నాను. ఎస్.కోటలో మీకూ బంధువులుంటే, వాళ్ళ పాసుపుస్తకంలో ఇప్పుడు ఏముందో ఈ ఆదివారం ఫోన్‌లో అడగండి.