చదువులో ఇచ్చిపుచ్చుకోవడం

హైదరాబాదు నుంచి బొంబాయి వెళ్ళే రహదారి మీద పటాన్‌చెరువు దాటి, ఇస్నాపూరు చౌరస్తా వద్ద లోపలికి తిరిగితే పాశమైలారం వస్తుంది. తిరగక ముందుకే సాగితే కొద్ది మైళ్ళలో కంది. మొదటి చోట పొగగొట్టాలు, రెండవ చోట ఐ.ఐ.టి. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారపు ఆవరణలో తాత్కాలికంగా ఆరంభమైన ఈ విద్యాసంస్థ తరువాత కందికి తరలింది. దాని నిర్మాణానికి జపాను ప్రభుత్వం రుణసహాయం చేసింది. కొన్ని భవనాల రూపకల్పనలో టోక్యో విశ్వవిద్యాలయపు ఆచార్యులు పాలుపంచుకున్నారు. 2012లో మొదలైన ఒక పథకం కింద ఇక్కడి పట్టభద్రులు ఉపకారవేతనాలతో జపాను విశ్వవిద్యాలయాలకు వెళ్ళి చదివారు.

ఇటువంటి రాకపోకలకు విద్యావినిమయం అని పేరు. వినిమయమంటే ఇచ్చిపుచ్చుకోవడమే గదా! పుచ్చుకున్న దానిని అందరూ లెక్కిస్తారు. ఏ విశ్వవిద్యాలయం, ఎంత వేతనం, ఏ ఉద్యోగం అని పెండ్లి పందిళ్ళలో సైతం విచారిస్తారు. తిరిగి వచ్చినవాడు ఇంటికి తెచ్చినదేమిటన్న ప్రశ్న మాత్రం సాధారణంగా పుట్టదు.

ఈ నేలకు జపానుతో విద్యాసంబంధం నేటిది కాదు. నిజాము రాజ్యంలో విద్యాశాఖాధిపతిగా ఉన్న రాస్ మసూద్ 1922లో జపాను వెళ్ళి, అక్కడి పాఠశాలలను పరిశీలించి, మరుసటి సంవత్సరం ఒక గ్రంథం ప్రకటించారు. ఆధునిక శాస్త్రాలను జపాను తన సొంత భాషలోనే నేర్పుకొన్న తీరు ఆయనను అమితంగా ఆకర్షించింది. అప్పటికే, 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో వెలసింది. ఆ మార్గానికి ఆయన యాత్ర బలం చేకూర్చింది. కాని ఆ రాజ్యంలో అత్యధికుల తల్లిభాష ఉర్దూ కాదు. తెలుగు పిల్లవాని మట్టుకు జపాను పాఠం సగం దారిలోనే ఆగిపోయిందనవలె.

ఇప్పుడు వెళ్ళే విద్యార్థికి మొదట ఎదురయ్యేది ఆ భాషే. ప్రయోగశాలలో ఆంగ్లంతో నెట్టుకు రావచ్చు గాని, బస కుదిరిన పదునాలుగు రోజులలో పురపాలక కార్యాలయానికి వెళ్ళి చిరునామా నమోదు చేయించుకొనేటప్పుడు, ఏ చెత్తను ఏ వారం బయట పెట్టవలెనో తెలిపే పట్టికను చదివేటప్పుడు ఆంగ్లం అంతగా అక్కరకు రాదు. అయితే తెలుగువానికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉన్నది. జపాను వాక్యంలో కర్త ముందు, కర్మ తరువాత, క్రియ చివర. విభక్తి ప్రత్యయాల వంటివి నామం వెనుకనే చేరుతవి. ‘అని’ వలె పనిచేసే చిన్న మాట కూడా ఆ భాషలో ఉన్నది. పదాలు చాలావరకు అచ్చులతోనే ముగుస్తవి. ఇది పోలికే తప్ప చుట్టరికమని భాషావేత్తలు అంగీకరించలేదు. అయినా ‘నేను నీళ్ళు తాగుతాను’ అన్న వరుసలోనే పరాయి దేశంలో వాక్యం కూర్చగలగడం తక్కువ ఊరట కాదు. తెలుగు వ్యాకరణం బాగా చదువుకొన్నవానికి ఈ సంగతి త్వరగా స్ఫురిస్తుంది. వ్యాకరణమెందుకని అడిగే విద్యార్థులకు ఉపాధ్యాయులు ఈ ఉదాహరణ చూపవచ్చు.

భాష కంటె గొప్పది మరొకటి అక్కడ నేర్వదగినదున్నది. జపానులో రైలు నడిపేవాడు సంకేతదీపాన్ని వ్రేలితో చూపి, దాని స్థితిని పైకి పలుకుతాడు. చూచేవారికి అది వింతగా ఉంటుంది. కన్ను చూచిన దానిని చెయ్యి, నోరు కూడా ధ్రువపరచితే పొరపాటు తగ్గుతుందన్నది అందలి సూత్రం. రైళ్ళలో పుట్టిన ఈ అలవాటు కర్మాగారాలకు పాకింది. పని మొదలుపెట్టక ముందే, ‘ఇందులో ప్రమాదమెక్కడ?’ అని పనివారందరూ కలిసి తర్కించుకొనే పద్ధతి కూడా వచ్చింది. 1973లో ఆ దేశంలో ఒక్క ప్రమాదమూ జరుగరాదన్న లక్ష్యంతో పెద్ద ఉద్యమం ఆరంభించారు. ప్రమాదాలు అక్కడ బొత్తిగా లేవని కాదు. ప్రమాదాన్ని తలరాతగా ఎంచరన్నదే విశేషం.

2025 జూన్ 30వ తేదీ ఉదయం పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో పేలుడు సంభవించి నలభై మందికి పైగా మరణించారు. కొందరి దేహాలు సైతం దొరకలేదు. బీహారు, ఒడిషా మొదలైన దూరప్రాంతాల నుంచి పొట్ట చేత పట్టుకొని వచ్చినవారు వారిలో ఎందరో ఉన్నారు. వారివీ ప్రవాసాలే, వాటికి ఉపకారవేతనాలు లేవు. సాంకేతిక విద్య కొరకు సముద్రాలు దాటే బాటా, ఆ పని చేస్తూ ప్రాణాలు కోల్పోయిన బాటా ఒకే రహదారి మీద కొద్ది మైళ్ళ ఎడంలో ఉన్నవి. విదేశపు ప్రయోగశాలలో యంత్రాన్ని చూచివచ్చినవాడు, ఆ యంత్రం ముందు నిలిచే మనిషిని ఎట్లా కాపాడుతున్నారో కూడా చూచిరావలసి యున్నది. అది పాఠ్యప్రణాళికలో ఉండదు. దానికి మార్కులూ లేవు.

ఇక ఇక్కడికి వచ్చేవారి మాట. 1972 నుంచి పటాన్‌చెరువులో ఉన్న ఇక్రిశాట్‌కు ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి విద్యార్థులు వచ్చి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల గురించి నేర్చుకొన్నారు. ఆ పంటలలో కొన్ని వారి దేశాలలోనే పుట్టినవి! అంతకంటె ఆలోచింపజేసేది నీటి కథ. స్వీడను దేశపు గోటెన్‌బర్గు విశ్వవిద్యాలయ పరిశోధకులు పటాన్‌చెరువు వ్యర్థజలశుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు అందులో ఉన్నదని 2007లో ప్రకటించారు. ఆ మందు వేసుకొన్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటె అది ఎక్కువ. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి చర్చించే చోట పటాన్‌చెరువు పేరు నేటికీ ప్రపంచమంతటా వినవస్తుంది. మన వాగు నీటిని సీసాలో పట్టి చూడవలెనన్న కుతూహలం అంత దూరం నుంచి రావలసి వచ్చింది.

విదేశాల నుంచి తిరిగి వచ్చిన విద్యార్థి ఒక నివేదిక సమర్పించడం పరిపాటి. అది ఆంగ్లంలో ఉండి విద్యాలయపు దస్త్రాలలో చేరుతుంది. దానినే తెలుగులో మరొకసారి వ్రాసి, ఒక మధ్యాహ్నం ఇస్నాపూరు, పాశమైలారం పాఠశాలల పిల్లల యెదుట చదివితే అయ్యే వ్యయం బస్సు చార్జీ మాత్రమే. ఆ తరగతిలో ఒరియా, భోజపురి ఇంట మాట్లాడే పిల్లలూ కూర్చుని ఉంటారు. వ్రేలితో చూపి పైకి పలికే ఆ రైలు నడిపేవాని కథ వారికి ఇట్టే అర్థమవుతుంది. ఇంటికి వెళ్ళి తండ్రికి చేసి చూపిస్తారు.